నాయకత్వ ధర్మము: నింద తనకు, కీర్తి తనవారికి



పదిమందిని వెంటబెట్టుకొని ఒక కార్యమును సాధింపవలసిన ప్రతివానికిని ఏదో ఒకనాడు ఎదురగు ప్రశ్న ఒకటి కలదు: "వీరు నన్నేల గౌరవింపవలెను?" పడవ నడుపు సరంగు మొదలు ఉత్సవ సంఘమునకు పెద్దగా నిలిచినవాని వరకు, ఇంటి యజమాని మొదలు కార్యాలయాధికారి వరకు ఈ ప్రశ్న ఎవరికిని తప్పదు. పదవి వలన విధేయత లభించును. జీతము వలన పని జరుగును. దండన వలన భయము కలుగును. గౌరవము మాత్రము వీనిలో దేనివలనను లభింపదు. అది ఎట్లు లభించునో శ్రీమద్రామాయణమును, మన తీరమున జరిగిన ఒక వృత్తాంతమును ఆధారముగా గొని మేమిచ్చట విన్నవించెదము.

ముందుగా భయము సంగతి చూతము. సీతాన్వేషణమునకు వానరులను నలుదిక్కులకు పంపుచు సుగ్రీవుడు ఒక మాసము గడువు విధించెను. గడువు దాటినవానికి మరణదండన తప్పదనెను. దక్షిణ దిక్కునకు వెడలిన అంగదాదులు స్వయంప్రభ బిలములో చిక్కుకొని, వెలుపలికి వచ్చునప్పటికి ఆ గడువు కాస్తయు గడచిపోయెను. ఎదుట సముద్రము, వెనుక ప్రభువు కోపము. వట్టి చేతులతో మరలిపోయి చచ్చుటకంటె ఇచ్చటనే ప్రాయోపవేశము మేలని అంగదుడు దర్భలపై కూర్చుండెను. తక్కినవారును కూర్చుండిరి. వారు బలహీనులా? కారు. సముద్రమును లంఘింపగలవాడు వారి నడుమనే ఉన్నాడు. ఐనను ఆ క్షణమున వారికి తోచినది చావు ఒక్కటే. భయము చేయు పని ఇట్టిది. ఉన్న శక్తిని సైతము అది కానరాకుండ చేయును.

మరి వట్టి చేతులతో నిలిచినవారిని నాయకుడెట్లు ఆదరింపవలెను? దీనికి సమాధానము మన సముద్రపుటొడ్డుననే దొరకినది. సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ తల్లిని సేవించుకొని తూర్పుగా పులికాట్ సరస్సును దాటినచో శ్రీహరికోట వచ్చును. నేడది తిరుపతి జిల్లాలోనిదైనను, 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. అచ్చట 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టును తొలిసారిగా ప్రయోగించిరి. నాలుగు అంచెలు, 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు గల ఆ వాహనము వెనుక ఎందరో శాస్త్రజ్ఞుల, పనివారల యేండ్ల తరబడి శ్రమ కలదు. ఆ పథకమునకు డైరెక్టరు డాక్టరు అబ్దుల్ కలాం గారు. ఇస్రో సంస్థకు అధ్యక్షులు ఆచార్య సతీష్ ధావన్ గారు.

మొదటి అంచె చక్కగా పనిచేసినది. రెండవ అంచె అదుపు తప్పినది. అయిదు నిమిషములు దాటిన కొలది సేపటికే రాకెట్టు బంగాళాఖాతమున కూలిపోయినది. ప్రయోగమునకు ముందు కంప్యూటరు ఆగుమని సూచించినను, నిపుణులిచ్చిన భరోసాను నమ్మి, ముందునకు సాగుటకే నిర్ణయించినది తానేయని కలాం గారే తరువాతి కాలమున సభలలో చెప్పియున్నారు. వేలెత్తి చూపుటకు మనిషి సిద్ధముగనే ఉన్నాడన్నమాట. వెలుపల పత్రికలవారు వేచియున్నారు. అప్పుడు ధావన్ గారు కలాం గారిని వెంటగొనిపోయి, పత్రికలవారి యెదుట తామే మాటాడిరి. నేడు మేము విఫలమైతిమి, నా బృందముపై నాకు నమ్మకము కలదు, వచ్చే యేడు వారు తప్పక సాధింతురు అను భావముతో పలికిరి. విమర్శల వాన అంతయు తమపై కురియనిచ్చిరి.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఇది తప్పును కప్పిపుచ్చుట కాదా? కాదు. సంస్థ లోపల విచారణ క్షుణ్ణముగా జరిగినది. రెండవ అంచెను అదుపుచేయు వ్యవస్థలో ఒక కవాటము సరిగా మూసికొనక, అందలి ఆమ్లము కారిపోవుటయే కారణమని తేలినది. ఆ సమీక్షలో కలాం గారు లేచి బాధ్యత తనదేయని పలికిరి. ఈ ఘట్టమును మనము నిదానముగా చూడవలెను. బయట నాయకుడు నిందను మోసినందుననే, లోపల అనుచరుడు నిజమును చెప్పగలిగెను. దండన యెదురుచూచుచున్న చోట ఎవడును సత్యము పలుకడు. సత్యము బయటపడనిచోట దోషము దిద్దబడదు.

పదకొండు నెలలు గడచినవి. 1980 జూలై 18వ తేదీన అదే తీరమునుండి ఎస్.ఎల్.వి.-3 మరల లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆనాడును పత్రికలవారు వేచియుండిరి. ధావన్ గారు కలాం గారిని పిలిచి, నేడు మీరే మాటాడుడని చెప్పి తాము ప్రక్కకు తొలగిరి.

రామచంద్రుని నడవడియు ఇట్టిదే. రావణవధానంతరము ఇంద్రుడు ప్రత్యక్షమై వరము కోరుకొమ్మనగా, స్వామి తనకై ఏమియు అడుగలేదు. తనకొరకు ప్రాణములు విడిచిన వానరులు మరల జీవింపవలెనని, వారు ఉన్నచోట అకాలమునను ఫలములు పండవలెనని, నదులు నిర్మలముగా ప్రవహింపవలెనని కోరెను. విజయము చేతికందిన ఘడియలో ఆయన తలచినది పడిపోయినవారిని.

ఈ ధర్మము గొప్పవారికి మాత్రమే కాదు. ఉత్సవమునాడు అన్నదానములో అన్నము చాలకపోయినచో, "లెక్క నాది, పొరపాటు నాది" అని భక్తుల యెదుట నిలువవలసినవాడు పెద్ద. పిమ్మట వంటవారితో కూర్చుండి, ఎన్ని బస్తాలు వండితిమి, ఎందరు వచ్చిరని నెమ్మదిగా విచారింపవలెను. ఉత్సవము దిగ్విజయమైనచో శేషవస్త్రము ముందుగా పొయ్యివద్ద చెమటోడ్చినవాని భుజముపై పడవలెను. వల ఖాళీగా వచ్చిన దినమున సరంగు కళాసీలను నలుగురిలో తిట్టినచో, మరునాడు వారు పడవ ఎక్కుదురు గాని, నీటిలో అపాయము పొడగట్టినప్పుడు ముందుగా వానికి చెప్పుటకు జంకుదురు.

ఒక హెచ్చరిక కూడ అవసరము. నింద మోసినవాడు దానిని పదేపదే గుర్తుచేయరాదు. "ఆనాడు నిన్ను కాపాడితిని" అని యొకసారి అన్నచో, చేసిన మేలు అప్పుగా మారును. అప్పుపడినవాడు తలవంచును గాని గౌరవింపడు. అట్లే, బుద్ధిపూర్వకముగా చేసిన ద్రోహమును, నిర్లక్ష్యమును కాపాడుట ఈ ధర్మములోనిది కాదు. శ్రద్ధతో శ్రమించి తప్పినవానికే ఈ అండ.

ధావన్ గారు 2002 జనవరిలో పరమపదించిరి. ఆ యేడు సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రమునకు వారి పేరు పెట్టిరి. కీర్తి వేళ ప్రక్కకు తొలగినవాని పేరే ఆ ద్వారముపై నిలిచినది.

మనకు అప్పగింపబడిన మనుష్యులు చిన్నవారైనను పెద్దవారైనను, వారి ఓటమిలో ముందును, గెలుపులో వెనుకను నిలువగల బుద్ధిని ఆ సీతారామచంద్రుడు మనకందరకును ప్రసాదించుగాక!

శుభమ్.