మండువేసవిలో కారు ఏసీ: లోపం కనుగొనే పద్ధతి

కారులో చల్లని గాలి ఒకప్పుడు ధనికుల విలాసం. అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ 1939లో ఈ సౌకర్యాన్ని మొదట ప్రదర్శించింది. 1983 డిసెంబరులో మారుతి 800 మన రోడ్లపైకి వచ్చేనాటికి కూడా, దేశంలో అధికసంఖ్యాకులకు కారులో గాలి అంటే కిటికీ అద్దం దించుకోవడమే. నేడు ఆ స్థితి మారిపోయింది. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల మధ్య తిరిగే అద్దె కార్లకు ఏసీ లేనిదే బేరం కుదరదు. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యతరహా, భారీ సరకు లారీల క్యాబిన్లలో సైతం ఏసీ ఉండవలెనని కేంద్ర ప్రభుత్వం 2023లో నిబంధన చేసింది. లారీలకు పేరుపొందిన సాలూరు వంటి ఊరిలో ఈ యంత్రాన్ని ఎరిగిన పనివారి అవసరం ఇకముందు ఎంత పెరుగునో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే వైశాఖ జ్యేష్ఠ మాసాలలో ఎండ ముదిరేసరికి, ఎక్కడ విన్నా ఒకే ఫిర్యాదు: "ఏసీ పనిచేస్తోంది గాని, చల్లదనం చాలడం లేదు." దానికి దొరికే సమాధానం కూడా తరచు ఒకటే: "గ్యాసు అయిపోయింది, నింపించండి." ఈ సమాధానం కొన్నిసార్లు నిజం, అనేకసార్లు అసత్యం, ఎప్పుడూ అసంపూర్ణం. ఎందువలన అసంపూర్ణమో తెలిసికొనడానికి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలును.

చల్లదనం తయారు కాదు

ఇంజెక్షనుకు ముందు చేతిపై స్పిరిటు రాస్తే అక్కడ చల్లగా తోస్తుంది. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని మన చర్మం నుండి తీసుకొనడమే దానికి కారణం. కుండలోని నీరు చల్లబడేదీ ఈ సూత్రం వల్లనే. కారు ఏసీలో కూడా జరిగేది ఇదే. కాని ఆవిరి అయిన ద్రవాన్ని అక్కడ గాలిలోకి వదలరు. మరల పట్టి, ద్రవంగా మార్చి, తిరిగి వాడుకుంటారు.

ఇందుకు నాలుగు ముఖ్యభాగాలు ఉన్నవి. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు, ఆవిరిరూపంలో ఉన్న గ్యాసును బిగించి వేడెక్కిస్తుంది. కారు ముందుభాగంలో రేడియేటరుకు ముందు నిలిచి ఉండే కండెన్సరు, ఆ వేడిని బయటి గాలికి అప్పగించి గ్యాసును ద్రవంగా మారుస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు అనే ఇరుకు ద్వారం గుండా ఆ ద్రవం ఒక్కసారిగా తక్కువ పీడనంలోకి వస్తుంది. డాష్‌బోర్డు లోపల ఉండే ఇవాపొరేటరులో, అనగా మెకానిక్కులు కూలింగ్ కాయిలు అని పిలిచే దానిలో, అది ఆవిరి అవుతూ కారులోని వేడిని పీల్చుకుంటుంది. ఆ గాలిని మనపైకి తోసేది బ్లోయరు.

దీనినిబట్టి ఒక ముఖ్యసత్యం తేలుతున్నది. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని తీసుకొనిపోయి బయట పారవేస్తుంది. నేటి కార్లలో విస్తారంగా వాడుకలో ఉన్న ఆర్-134ఎ అనే గ్యాసు సుమారు 3 వాతావరణాల పీడనం వద్ద 0 డిగ్రీల సెల్సియస్‌లోనే మరుగుతుంది. సుమారు 17 వాతావరణాల పీడనం వద్ద 60 డిగ్రీలలో ద్రవమవుతుంది. ఎండకు కాగిన తారురోడ్డుపై గాలి ఎంత వేడిగా ఉంటే, కండెన్సరు అంతకంటె వేడిగా ఉంటేనే తన భారాన్ని దింపుకొనగలదు. బయట పారవేసే దారి మూసుకొనిపోతే, లోపల ఎంత గ్యాసు ఉన్నా ప్రయోజనం లేదు.

మన తీరపు ఉక్కపోత

పల్నాటి రెంటచింతలలో 42 డిగ్రీలు, శ్రీకాకుళంలో 35 డిగ్రీలు ఉన్న రోజున ఏ ఊరి కారు ఏసీకి శ్రమ ఎక్కువ? రెంటచింతల కారుకేనని అనిపిస్తుంది. లెక్క వేరుగా చెబుతుంది.

35 డిగ్రీల వేడి, నూటికి 60 వంతుల తేమ ఉన్న ఒక కిలో గాలిలో సుమారు 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 42 డిగ్రీల వేడి, నూటికి 20 వంతుల తేమ ఉన్న కిలో గాలిలో ఉండేది సుమారు 10 గ్రాములే. రెండింటినీ 12 డిగ్రీలకు చల్లబరచవలెనంటే, మొదటిదాని నుండి సుమారు 56 కిలోజౌళ్ళ వేడిని తీయవలెను. రెండవదాని నుండి సుమారు 35 కిలోజౌళ్ళు తీస్తే చాలు. తీరపు గాలి విషయంలో ఆ శ్రమలో సగానికి పైగా, ఆవిరిని నీరుగా మార్చడానికే ఖర్చవుతుంది. కండెన్సరుకు మాత్రం 42 డిగ్రీల గాలిలోనే కష్టమెక్కువ. కాని కూలింగ్ కాయిలుపై పడే భారం మన ఉక్కపోతలోనే అధికం.

1902లో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కొరకు రూపొందించిన యంత్రం కూడా తేమను అదుపులో పెట్టడానికి ఉద్దేశించినదే. తేమకు కాగితం సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోకపోవడం అక్కడి సమస్య. ఆధునిక ఏసీకి నాంది పలికినది మనుషుల ఉక్కపోత కాదు, కాగితపు ఉక్కపోత అన్నమాట.

కావున ఏసీ నడిచే కారు క్రింద నీరు బొట్లుబొట్లుగా కారడం లోపం కాదు, ఆరోగ్యలక్షణం. ఆ నీరు బయటికి పోక లోపల కాళ్ళవద్ద చేరితే మాత్రం కాలువగొట్టం మూసుకొనిపోయినదని గ్రహించవలెను. ఇంకొక పాఠం కూడా ఇందులో ఉన్నది. బయటిగాలిని తీసుకునే మీట తెరచి ఉంచితే, ప్రతి క్షణం కొత్త తేమను ఆరబెట్టే పని యంత్రంపై పడుతుంది. లోపలిగాలినే మరల మరల త్రిప్పే మీట వేస్తే భారం ఎంతో తగ్గుతుంది. దూరప్రయాణంలో నిద్రమత్తు రాకుండా మధ్యమధ్య కొద్దిసేపు బయటిగాలిని రానిస్తే చాలు.

ఖర్చులేని పరీక్షలు

ఎండలో నిలిపిన కారు లోపలి గాలి బయటికంటె ఎంతో వేడిగా ఉంటుంది. ఎక్కగానే అద్దాలు బిగించి ఏసీ వేయడం అవివేకం. తలుపులు తెరచి ఆ వేడిగాలిని పోనిచ్చి, ఒకటి రెండు నిమిషాలు అద్దాలు దించి నడిపి, పిదప మూయవలెను. ఇంతమాత్రం చేయకనే "ఏసీ బలహీనం" అని గ్యారేజీకి పోయేవారు అనేకులు.

తరువాత గమనించవలసినది, గాలి తక్కువగా వస్తున్నదా, లేక గాలి బాగానే వస్తూ చల్లదనం తక్కువగా ఉన్నదా అనే భేదం. గాలే తక్కువైతే మొదట క్యాబిన్ ఫిల్టరును తీసి చూడవలెను. అది దుమ్ముతో అట్టకట్టి ఉంటే బ్లోయరు ఎంత తిరిగినా ఫలం లేదు. ఈ పనికి అనేక కార్లలో పనిముట్టు కూడా అక్కరలేదు.

గాలి బాగా వస్తూ చల్లదనం తగ్గితే, అది ఎప్పుడు తగ్గుతున్నదో చూడవలెను. జాతీయరహదారిపై వేగంగా పోవునప్పుడు చల్లగా ఉండి, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో, విజయనగరం మయూరి కూడలిలోనో ఆగగానే వెచ్చబడితే, దోషం సాధారణంగా కండెన్సరు వద్ద గాలి ఆడకపోవడంలో ఉంటుంది. పరుగులో ఎదురుగాలి చేసే పనిని, నిలిచినప్పుడు ఫ్యాను చేయవలెను. ఏసీ మీట వేసి బానెట్ ఎత్తి, చేతులు దూరంగా ఉంచి, ఫ్యాను తిరుగుతున్నదో లేదో చూడవచ్చును. కండెన్సరుపై మంచినీరు చిలకరించగానే లోపల చల్లదనం పెరిగితే అనుమానం మరింత బలపడుతుంది.

మన ప్రాంతంలో కండెన్సరుకు రెండు ప్రత్యేక శత్రువులు ఉన్నవి. పల్లెదారులలో చోళ్ళు, ఉలవలు, వరి రోడ్డుపై పరచి నూర్చే కాలంలో, ఎగిరే పొట్టు రేకుల సందులలోకి చేరుతుంది. కండెన్సరుకు, రేడియేటరుకు నడుమ చేరిన పొట్టు పైకి కనబడదు. రెండవ శత్రువు ఉప్పుగాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి తీరగ్రామాలలో నిలిపే వాహనాల అల్యూమినియం రేకులను అది క్రమంగా తినివేస్తుంది. ఇంజను చల్లారిన తరువాత, మెల్లని ధారతో మంచినీటిని పోసి కడగడం రెండింటికీ మందు. తీవ్రమైన ధారతో కొడితే పలుచని రేకులు వంగి, ఉన్న దారి కూడా మూసుకొనిపోతుంది.

మొదట బాగా చల్లబడి, గంట ప్రయాణం తరువాత గాలి క్రమంగా సన్నగిల్లి, కొంతసేపు ఏసీ ఆపితే మరల బాగుపడితే, కూలింగ్ కాయిలుపై మంచు కట్టుచున్నదని ఊహించవచ్చును. కాయిలు చల్లదనాన్ని కొలిచి కంప్రెసరును ఆపవలసిన సెన్సరు చెడినప్పుడు, తేమగాలిలో ఇది త్వరగా జరుగుతుంది. ఇక ఏ వేళనైనా, ఏ వేగంలోనైనా చల్లదనం తక్కువగానే ఉంటే, గ్యాసును, కంప్రెసరును, ఎక్స్‌పాన్షన్ వాల్వును, వేడిగాలిని కలిపే తలుపును పరీక్షింపవలసి ఉంటుంది. ఇది గేజీలు ఉన్న పనివాని పని.

గ్యాసు సంగతి

గ్యాసు పెట్రోలు వంటిది కాదు. వాడినకొద్దీ ఖర్చయ్యేది కాదు. అది మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల నుండి, సీళ్ళ నుండి ఏళ్ళ తరబడి స్వల్పంగా పోవచ్చును గాని, నింపించిన గ్యాసు ఏడాది తిరగకుండానే తగ్గితే ఎక్కడో రంధ్రం ఉన్నట్లే. ఆ రంధ్రాన్ని వెదకక మరల నింపడం చిల్లికుండలో నీరు పోయడమే. గ్యాసుతోపాటు కంప్రెసరు నూనె కూడా కొంత బయటికి వస్తుంది గనుక, గొట్టాల అతుకులవద్ద జిడ్డుమరకలు చోటు చెబుతాయి. నైట్రోజన్ పీడనం పెట్టి సబ్బునురుగుతో చూడడం పాతదైనా నమ్మదగిన పద్ధతి.

రంధ్రం మూసిన తరువాత, వాక్యూం పంపుతో లోపలి గాలిని, తేమను పూర్తిగా తీయవలెను. తేమ మిగిలితే వాల్వు ఇరుకులో మంచుగా గడ్డకట్టి దారిని మూస్తుంది. ఆపైన గ్యాసును తూచి నింపవలెను. ఎన్ని గ్రాములో అనేక కార్లలో బానెట్ క్రింది చీటీపైననే వ్రాసి ఉంటుంది. చిన్న కార్లలో అది తరచు అరకిలోకు లోపే. ఎండ ఎక్కువగా ఉన్నది గనుక గ్యాసు కొంచెం ఎక్కువ పట్టిద్దామనే ఆలోచన ప్రమాదకరం. అధికమైన ద్రవం కండెన్సరులో చోటును ఆక్రమించి, పీడనాన్ని పెంచి, చల్లదనాన్ని తగ్గిస్తుంది; కంప్రెసరు ఆయువునూ హరిస్తుంది. ఒక అద్దెకారు డ్రైవరు కండెన్సరు కడిగించుకుంటే తీరే లోపానికి, వేసవికి రెండుసార్లు గ్యాసు సొమ్ము చెల్లించి, చివరకు కంప్రెసరు కూడా మార్చుకొనవలసి వస్తే, ఆ నష్టం అతని ఇంటి బియ్యంపై, పిల్లల ఫీజుపై పడుతుంది.

గాలిలోకి పోయిన గ్యాసు ఎవరిది?

పూర్వం కార్లలో వాడిన ఆర్-12 అనే గ్యాసు, భూమిని అతినీలలోహిత కిరణాల నుండి కాపాడే ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని శాస్త్రజ్ఞులు నిరూపించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. ఆ గ్యాసు స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు. కాని భూమిని వేడెక్కించడంలో, నూరేళ్ళ లెక్కన, అదే బరువు బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యి రెట్లకు మించినది. అందుచేతనే 2016లో కిగాలీ సవరణ వచ్చింది. మన దేశం 2021లో దానిని ఆమోదించింది. పాత గ్యాసును గాలిలోకి వదలివేయక యంత్రంతో పట్టి దాచడం, రంధ్రాన్ని మూయకుండా నింపకపోవడం, ఈ ఒప్పందాలను గ్యారేజీలో పాటించే విధానం. వేడినుండి తప్పించుకొనడానికి మనం వాడే వస్తువే వేడిని పెంచడం ఎంతటి వైపరీత్యం!

హెచ్చరికలు మూడు. ద్రవరూపంలోని గ్యాసు కంటికి, చర్మానికి తగిలితే గడ్డకట్టించి గాయం చేస్తుంది. కళ్ళద్దాలు, చేతితొడుగులు లేనిదే గొట్టం విప్పరాదు. చౌక అని వంటగ్యాసు వంటి మండే వాయువును నింపితే అగ్నిప్రమాదం పొంచి ఉంటుంది. నిలిపిన కారులో పసిపిల్లలను "ఒక్క నిమిషమే" అని కూడా వదలరాదు. ఎండలో పది నిమిషాలలోనే లోపలి వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగగలదు.

మన కళాశాల ప్రయోగశాలలో, పాతకారు నుండి తీసిన ఏసీ భాగాలను ఒక బల్లపై అమర్చి ఉంచితే, ఉష్ణగతిశాస్త్రం పుస్తకంలోని బొమ్మగా మిగలక చేతికి అందే విద్య అవుతుంది. దీనికి పెద్ద ధనం అవసరం లేదు. పాత సామాను దుకాణాలలో ఇవి దొరుకుతాయి. కమిటీ పెద్దలు ఈ విషయం ఆలోచించవలెనని మనవి. గ్యారేజీలో ఉస్తాదు వద్ద చేరబోయే విద్యార్థికైనా, సొంత కారు కొనబోయే విద్యార్థికైనా ఇది ఉపకరిస్తుంది. రోగిని చూడకుండా మందు వ్రాసే వైద్యుని మనం నమ్మము. యంత్రాన్ని చూడకుండా గ్యాసు నింపే పనివానికీ అదే కొలత వర్తించవలెను. లోపాన్ని ముందు కనుగొని, అవసరమైనంత పనికే సొమ్ము తీసుకునేవానికి బేరం వెదకుకుంటూ వస్తుంది.