బాత్రూం మార్చుడంటే టైల్స్ మార్చుడే గాదు

పోయిన నెల మా అమ్మ బాత్రూంల జారి పడ్డది. నడుము విరగలే, గదే అదృష్టం. బీరంగూడల మాది పాత ఇల్లు. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు బాత్రూం. కింద అరిగి నున్నగైన తాండూరు బండలు. మోకాళ్లు నొస్తున్నా గొంతుక్కూసునే పాత సీటే. "ఊరందరికి హక్కులు జెప్తవు, ఇంట్ల బాత్రూం బాగు చేపియ్యవు" అన్నది అమ్మ. నిజమే గదా!

మేస్త్రి వచ్చిండు. మెరిసే టైల్స్, ఫాల్స్ సీలింగ్, పెద్ద అద్దం అని లెక్క రాసిండు. మనిషి జారకుండ ఏం చేస్తవంటే జవాబు లేదు. అందుకే తెలుసుకున్న సంగతులు మీకు చెప్తున్న.

పైసలు ముందుగాల కండ్లకు కనవడని కాడ పెట్టాలె. బండలు తీసినంక వాటర్‌ప్రూఫింగ్ చేపిచ్చి, నహానీ ట్రాప్ మూసి, 24 గంటలు నీళ్లు నిలవెట్టాలె. అవుతలి గోడకు చెమ్మ రాకుంటేనే టైల్స్. 6 అడుగులకు అంగుళం వాలు ఉండాలె. నీళ్లు నిలిస్తే పాచి, పాచి పడితే జారుడు. కిందికి గరుకు టైల్సే ఎయ్యాలె. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే స్టీల్ రాడ్ ఉండాలె. తలుపు బయటికి తెరుచుకోవాలె. లోపల పడ్డోళ్లు తలుపుకు అడ్డమైతే ఎట్ల తీస్తరు?

మా పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి గుంజితే 10 లీటర్లు పోతుండె. రెండు బటన్లదైతే చిన్నదానికి 3, పెద్దదానికి 6. నలుగురున్న ఇంట్ల రోజుకు 20 సార్లు, అండ్ల 4 సార్లు పెద్ద బటన్ అనుకుంటే 200 లీటర్లు 72కు దిగుతయ్. ఎండకాలం ట్యాంకర్ కోసం చూసేటోళ్లకు ఇది చిన్న ముచ్చట గాదు.

ఇగ అసలు మాట. "సెప్టిక్ ట్యాంకు నిండినట్టున్నది, ఇద్దర్ని దింపి తీపిస్త" అన్నడు మేస్త్రి. వద్దన్న. లోపటి విషవాయువుకు మనిషి నిమిషాల్ల పోతడు. రక్షణ లేకుంట దింపుడు 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేండ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జుర్మానా, రెండూ పడొచ్చు. గిట్ల చచ్చిపోయినోళ్ల కుటుంబాలకు 30 లక్షలు ఇయ్యాలని సుప్రీంకోర్టు 2023ల చెప్పింది. పైపు లారీని పిలిచినం, పని అయిపోయింది. రెండు మూడేండ్లకోసారి తీపిస్తే ట్యాంకు పొర్లదు, మురికి చెరువు దిక్కు పోదు.

అమ్మ ఇప్పుడు రాడ్ పట్టుకొని లేస్తున్నది. మన బాత్రూంల మనోళ్లు పడొద్దు. మన ట్యాంకుల ఇంకొకళ్ల కొడుకు గూడ పడొద్దు.