మీకు తెలుసా? లాన్ పెళ్లికి గద్వాల చీరే ఎందుకు?

శంషాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో, కన్వెన్షన్ లాన్లలో ఎండాకాలం పెళ్లిళ్లు జోరుగా జరుగుతాయి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నిండా పట్టు కడితే ఉక్కపోత, మామూలు నూలు చీరకు పెళ్లికళ రాదు.

దీనికి జవాబు శంషాబాద్ దారిలోనే దొరుకుతుంది. విమానాశ్రయం దాటి 44వ నంబరు జాతీయ రహదారిపై కర్నూలు వైపు సాగితే, ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల దగ్గరే. సంప్రదాయ గద్వాల చీర ఒళ్లంతా నూలు. అంచులు, కొంగు మాత్రం జరీ కలిసిన పట్టు. అంచును విడిగా నేసి సూదితో కుట్టరు. మగ్గం మీదే ఒంటి పేకనూ అంచు పేకనూ పోగుకు పోగు మెలేస్తారు. చీరను తిరగేసి, ఆ రెండూ కలిసే చోట వేలితో తడిమి చూడండి, మెలిక తెలుస్తుంది. ఎంత ఓపికైన పని!

పచ్చిక మీద వేడుకలు మన దగ్గరే కాదు. లండన్‌లోని బకింగ్‌హామ్ ప్యాలెస్ తోట విందుల్లో మగవాళ్లకు సూటు, ఆడవాళ్లకు గౌను, టోపీ ఆనవాయితీ. అయినా ఎవరి జాతీయ దుస్తుల్లో వాళ్లు వెళ్లవచ్చు. అక్కడికీ గద్వాల చీర నిక్షేపంగా కట్టుకోవచ్చు.

చీరతో పాటు చెప్పులూ చూసుకోండి. పచ్చికలో సన్న మడమల చెప్పులు దిగబడతాయి. వెడల్పు మడమలవే వేసుకోండి.