చలి పొద్దున కుక్కతో నడక



మార్గశిరం వచ్చిందంటే తెల్లవారుఝామున దుప్పటి తీయబుద్ధి కాదు. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం అది మనల్ని పడుకోనివ్వదు. మంచం దగ్గరికొచ్చి తోక ఆడిస్తూ నిలబడుతుంది. నడక ఇద్దరికీ మంచిదే. కాని చలికాలంలో కొన్ని జాగ్రత్తలు తప్పవు.

మొదటిది వేళ. నాలుగింటికే లేచి చీకట్లో బయల్దేరడం గొప్ప కాదు. మంచులో లారీవాడికి మనం కనబడం. పైగా చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. అంచేత ఎండపొడ వచ్చాకే వెళ్ళండి. గడప దాటేముందు ఇంట్లోనే అయిదు నిమిషాలు కాళ్ళూ చేతులూ ఆడించండి. లేతరంగు చీర, స్వెట్టరు, కాళ్ళకి బూట్లు ఉంటే మేలు. శాలువా కొంగులు వేలాడనివ్వకండి.

రెండోది గొలుసు. దాన్ని మణికట్టుకి చుట్టుకోకండి. కుక్క ఒక్కసారి లాగిందంటే మనం బోర్లా పడతాం. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే బళ్ళు కనబడేలా కుడివైపున నడవండి. కుక్కని రోడ్డుకి అవతలిపక్క ఉంచుకోండి.

కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు ఉంటుంది. అది చూసి జ్వరమనుకోకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దకుక్కకి మన చలి ఒక లెక్క కాదు. పిల్లలకీ, ముసలివాటికీ, బొచ్చు తక్కువవాటికీ మాత్రం పడుకోవడానికి గోనెపట్టా పరవాలి. నడకలో వణికినా, మాటిమాటికీ కాలెత్తినా ఇంటికి తీసుకొచ్చెయ్యండి. కడుపునిండా తిండి పెట్టి వెంటనే పరుగెత్తించకండి. చలికాలమైనా ఇద్దరూ నీళ్ళు తాగాలి.

ఇక అసలు సంగతి. మన దేశంలో వీధికుక్కలు ఎక్కువగా చలికాలంలోనే పిల్లల్ని పెడతాయి. తల్లికుక్క ఉన్నచోటికి మనం కుక్కతో వెళితే ఊరుకుంటుందా?

ఒక సంక్రాంతికి మా వదిన పట్నం నుంచి కుక్కని వెంటబెట్టుకుని పశ్చిమ ప్రకాశంలోని చంద్రశేఖరపురం వెళ్ళింది. పొద్దున్నే గడ్డివామి పక్కగా నడుస్తుంటే, వామి సందులోంచి తల్లికుక్క వచ్చి పిక్క పట్టుకుంది. ఇరుగుపొరుగు పోగయ్యారు. ఒకరు కారం అద్దమన్నారు, ఒకరు సున్నం తెచ్చారు. ఆ మండలంలోనే కొండరాయి తొలిచిన ఎనిమిది గుళ్ళున్న భైరవకోన ఉంది కదా! "భైరవుడి వాహనమమ్మా, ఏం కాదులే" అన్నదొక ముసలమ్మ.

వాళ్ళ అత్తగారు మాత్రం ఒక్కరి మాటా వినలేదు. "ముందు పంపు దగ్గరికి పద తల్లీ" అని సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు పారే నీళ్ళకింద గాయం కడిగించింది. ఆ వెంటనే ఆసుపత్రికి పంపింది. వదిన టీకాలన్నీ వేయించుకుంది, క్షేమంగా ఉంది.

ఆవిడ చేసిందే సరైన వైద్యం. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. పిచ్చికుక్క రోగం లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా పడితే రోగం రానే రాదు. 1885లో ఫ్రాన్సులో పాశ్చర్ మహాశయుడు తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఈ టీకా ఇచ్చి కాపాడాడు. బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇప్పుడక్కర్లేదు. చేతికే వేస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలో సీరం ఇంజెక్షను కూడా కావాలి. డాక్టరు చెప్పిన తేదీల్లో ఒక్కటీ మానకూడదు. చిన్న గీరుడేనని దాచనూ కూడదు. పిల్లలు తిడతారని దాస్తారు. వాళ్ళని కోప్పడకుండా అడగండి.

మీ కుక్కకి మూడు నెలలు నిండగానే టీకా వేయించండి, పశువుల డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్ళీ వేయించండి. తల్లికుక్క కనబడితే పరుగెత్తకండి, రాయి విసరకండి. గొలుసు దగ్గరికి పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తగ్గండి. బిడ్డల్ని కాచుకునే తల్లి కోపం మనకి తెలియనిదా!