ముడతలు తెచ్చే కిరణంతోనే

మే నెల మధ్యాహ్నం ఛత్తీస్‌గఢ్‌లోని నవా రాయపూర్ రోడ్డు మీద నిలబడితే ఒళ్లు చురుక్కుమంటుంది. అదే ఎండ కిటికీ అద్దంలోంచి పడితే వేడి తెలుస్తుంది గానీ చర్మం అంతగా కమలదు. కమిలించే యూవీ-బి కిరణాల్ని మామూలు అద్దం చాలావరకు ఆపేస్తుంది. యూవీ-ఎ మాత్రం లోపలికి వచ్చేస్తుంది. 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపిన ఒక డ్రైవరు ముఖం ఫొటోను 2012లో ఒక అమెరికా వైద్యపత్రిక అచ్చు వేసింది. అద్దం వైపున్న చెంప మాత్రమే ముడతలు పడి వేలాడుతోంది. యూవీ-ఎ చర్మం లోపలి పొర దాకా దిగి, కొలాజెన్ పీచును తెంచే ఎంజైమును లేపుతుంది.

స్క్లెరోడెర్మా అనే చర్మవ్యాధిలో జరిగేది దీనికి తలకిందులు. కొలాజెన్ అదేపనిగా పేరుకుని చర్మం గిల్లినా పట్టుకు రానంతగా బిగుసుకుంటుంది. కీలు మీద పడితే చేయి చాపడమే కష్టం. మచ్చలుగా వచ్చే రకాన్ని మార్ఫియా అంటారు. ముల్లును ముల్లుతోనే తీసినట్టు, ముడతలు తెచ్చే కిరణాన్నే ఈ బిగువు మీదికి పంపవచ్చు.

అయితే ఎండలో పడుకుంటే సరిపోదు. అందులో కావలసిన కిరణంతోపాటు కమిలించే కిరణమూ, మాడ్చే వేడీ ఉంటాయి. వాటిని వడకట్టే యంత్రం కావాలి. శక్తిమంతమైన దీపానికి వడపోత అద్దాలు అమర్చి, 320 నుంచి 460 నానోమీటర్ల వెలుగునిచ్చే పరికరాన్ని ముట్జాస్, హోల్జ్లే, హాఫ్‌మన్, ప్లెవిగ్ అనే జర్మన్ పరిశోధకులు 1981లో వివరించారు. తర్వాత ఆ పరిధిని 340-400కు కుదించారు. దానికే యూవీఏ-1 అని పేరు. దానికి మొదట పేరు తెచ్చింది ఎగ్జిమా (అటోపిక్ డెర్మటైటిస్): 1992లో క్రుట్‌మన్ బృందం ఆ రోగులకు ఇచ్చి చూసింది. 1995లో కెర్షర్ బృందం మార్ఫియా మీద తక్కువ మోతాదు ప్రయోగించింది. 1997లో ష్టెగె బృందం చదరపు సెంటీమీటరుకు 20 జౌళ్లనూ 130 జౌళ్లనూ, ముప్పయ్యేసి సార్లు ఇచ్చి పోల్చింది. 130 ఇచ్చినవారి చర్మమే ఎక్కువ మెత్తబడింది.

నన్ను వెంటాడేది మన చర్మం సంగతి. మెలనిన్ ఆ వెలుగును దారిలోనే మింగేస్తుంది. చికిత్సలో చర్మం నల్లబడేకొద్దీ ఎంజైము ప్రేరణ తగ్గుతుందని మిషిగన్ పరిశోధకులు 2008లో చూపారు. ముదురు రంగు చర్మం ఉన్నవారికీ మేలు జరిగిందని అదే ఏడాది టెక్సస్ వైద్యులు రాశారు. రెండూ నిజమే కావచ్చు. పైగా మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే దీపాల పెట్టెలు యూవీఏ-1వి కావు, నారోబ్యాండ్ యూవీ-బివి, సొరాలెన్ మందుతో కలిపి ఇచ్చే యూవీ-ఎవి. జర్మన్ చర్మాల మీద తేలిన 130 జౌళ్లు ఛత్తీస్‌గఢ్ చర్మానికి ఎన్ని జౌళ్లవుతాయో ఇక్కడి రోగుల మీదే కొలవాలి.