ఉక్కపోతలో మొక్కల పనా? పొద్దున్నే కానివ్వండి!

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆరాలి. వేసవిలో విశాఖ లాంటి తీర నగరాల్లో వచ్చిన చిక్కల్లా అదే. గాలిలో తేమ ఎక్కువై చెమట కారుతుందే తప్ప ఆరదు. ఒంట్లోని నీరు, ఉప్పు పోతాయి, వేడి మాత్రం దిగదు.

అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. నగరంతో పోలిస్తే చల్లనే. అయినా మన్యం రైతులు పొద్దున్నే పనిలోకి దిగుతారు, చోడి అంబలి తాగుతారు. అక్కడ కాఫీ మొక్కలనూ సిల్వర్ ఓక్ చెట్ల నీడలోనే పెంచుతారు. మరి మేడ మీద, కాలే గచ్చు పక్కన, పదింటికి కుండీలు మోయడమెందుకు?

తెల్లవారుజామున తేమ తక్కువేమీ ఉండదు, నిజానికి ఎక్కువే. కానీ నెత్తిన ఎండ ఉండదు, గచ్చు చల్లబడి ఉంటుంది. మట్టి మార్చడం, కుండీలు జరపడం లాంటి బరువు పనులు ముందు పెట్టుకోండి. నీళ్లు పోయడం చివర. ఏడున్నరకల్లా కిందికి దిగిపోండి. మధ్యమధ్యలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మంచిది. బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవారు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం నీరు, ఉప్పు ఎంతన్నది డాక్టర్‌నే అడగాలి.

తల తిరిగినా, కండరాలు పట్టేసినా పని ఆపి నీడకు చేరండి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ కావచ్చు. ఒళ్లంతా తడిపి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అన్నట్టు, డెంగీ దోమ పొద్దుటిపూటా కుడుతుంది. చేతులు కప్పే చొక్కా వేసుకోండి. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు వారానికోసారైనా పారబోసి, తోమి పెట్టండి.