నమూనా రైళ్ళు - స్కేలు నిర్ణయము

రైలుబండిని చిన్నదిగా నిర్మించి గదిలోనో తోటలోనో నడుపుట అనేక దేశములలో ఒక వ్యాసంగముగా వృద్ధిచెందినది. నిష్పత్తి, వ్యాకోచము, ఘర్షణ, విద్యుత్ప్రవాహము మొదలగు పాఠ్యాంశములను కండ్లకు కట్టునట్లు చూపుటకు పాఠశాలలకు గూడ ఇది మంచి సాధనము. అయితే దీనిని ప్రారంభించువారు ముందుగా తేల్చుకొనవలసిన విషయమొకటి కలదు. నమూనా అసలు బండిలో ఎన్నవవంతు ఉండవలెను? ఒకసారి పెట్టెలు, వంతెనలు, స్టేషను కట్టడములు సమకూర్చుకొనిన తరువాత ఈ నిర్ణయమును మార్చుకొనుట మిక్కిలి కష్టము. పెట్టిన ధనము వృథా యగును.

స్కేలు వేరు, గేజి వేరు

నమూనా పొడవునకును అసలు వస్తువు పొడవునకును గల నిష్పత్తియే స్కేలు. రెండు పట్టాల లోపలి అంచుల నడిమి దూరము గేజి. ఈ రెండింటిని ఒకటిగా భావించుటవలననే అనేక పొరపాట్లు జరుగుచుండును.

జర్మనీలోని మార్క్లిన్ సంస్థ 1891 నుండి బొమ్మ రైళ్ళ గేజిలను సంఖ్యలతో గుర్తించు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చినది. అందు 1వ గేజి నేడు 45 మి.మీ. అంతకంటె చిన్నది అవసరము కాగా దానికి '0' అని పేరు వచ్చినది. ఇది 32 మి.మీ.

ప్రపంచములో అత్యధికముగా వాడుకలోనున్న రైలు గేజి 1435 మి.మీ. దీనిని 32చే భాగించిన 44.8 మి.మీ. వచ్చును. కనుక 45 మి.మీ. పట్టాలకు 1:32 స్కేలు చక్కగా సరిపోవును. కాని 1968లో న్యూరెంబర్గునందలి లేమాన్ సంస్థ అదే 45 మి.మీ. పట్టాలపై నడచు 1:22.5 స్కేలు బండ్లను విడుదల చేసినది. ఇందు ఆ పట్టాలు మీటరు గేజికి ప్రతిరూపములు, 1000ని 22.5చే భాగించిన 44.4 మాత్రమే కదా! కావున పట్టాలు ఒకటే అయినను, వానిపై నడచు రెండు బండ్ల స్కేలు ఒకటి కాకపోవచ్చును. రెండింటిని కలిపి నడిపినచో ఒక బండిలోని మనిషి బొమ్మ రెండవ బండిలోని మనిషి ప్రక్కన మరుగుజ్జువలె కనిపించును.

మన దేశపు బ్రాడ్‌గేజి 1676 మి.మీ. 1:32 స్కేలులో ఇది 52.4 మి.మీ. కావలెను. 45 మి.మీ. పట్టాలపై మన బండి నమూనాను నిలిపినచో చక్రముల ఎడము కొంత ఇరుకుగా తోచును. నీలగిరి కొండ రైలు మీటరు గేజి గనుక 1:22.5 స్కేలుకు తగియున్నది. డార్జిలింగు రైలు గేజి 610 మి.మీ. దానిని 32 మి.మీ. పట్టాలపై 1:19 స్కేలులో నిర్మింపవచ్చును.

స్థలము లెక్క

పెరంబూరు కర్మాగారమునందు తయారైన పాతరకపు బ్రాడ్‌గేజి పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. పోలికకొరకు దీనినే తీసికొందము. 1:43.5 స్కేలులో దాని పొడవు 490 మి.మీ., 1:32లో 667 మి.మీ., 1:22.5లో 948 మి.మీ. అగును. అయిదు పెట్టెలను వరుసగా నిలుపుటకు క్రమముగా సుమారు 2.5, 3.3, 4.7 మీటర్ల తిన్నని మార్గము అవసరము.

6 మీటర్ల పొడవుగల గదిలో రెండు చివరల 1.2 మీటరు వ్యాసార్ధముగల మలుపులు వేసినచో నడుమ 3.6 మీటర్లు మిగులును. గోడలకు ఎడము విడిచినచో ఇంకను తగ్గును. మొదటి స్కేలు ఇందు సులభముగా ఇముడును, రెండవది అతికష్టముమీద ఇముడును, మూడవది ఇమడదు.

మలుపులో మరియొక చిక్కు కలదు. పెట్టె తిన్నగా ఉండును, మార్గము వంగియుండును. కావున పెట్టె నడిమిభాగము మలుపు లోపలికి జరుగును. పెట్టె క్రింది రెండు చక్రసముదాయముల కేంద్రముల నడిమి దూరమును వర్గముచేసి, వ్యాసార్ధమునకు ఎనిమిది రెట్లచే భాగించిన ఆ జరుగుబాటు ఇంచుమించుగా తెలియును. పై పెట్టెలో ఆ దూరము 14.78 మీటర్లు. 1.2 మీటరు మలుపులో జరుగుబాటు 1:43.5 స్కేలున 12 మి.మీ., 1:32న 22 మి.మీ., 1:22.5న 45 మి.మీ. ఉండును. ప్రక్కనున్న ప్లాట్‌ఫారమును, రెండవ మార్గమును అంత దూరముగా జరుపవలెను.

తోటలో పెద్ద స్కేలు ఏల?

పొడవు 32వ వంతు అయినప్పుడు ఘనపరిమాణము 32 × 32 × 32, అనగా 32,768వ వంతు అగును. అదే పదార్థముతో చేసినచో 40 టన్నుల పెట్టె బరువు 1:32 స్కేలులో సుమారు 1.2 కిలోగ్రాములు, 1:22.5లో 3.5 కిలోగ్రాములు. గదులలో వాడు 1:87 స్కేలులో 61 గ్రాములు మాత్రమే. తోటలో గాలిగాని, రాలిన ఆకుగాని, గులకరాయిగాని స్కేలుననుసరించి చిన్నవి కావు. తేలికబండిని పడద్రోయు ఆకును బరువుబండి త్రొక్కుకొనిపోవును.

ఎండను గూడ మరువరాదు. ఇత్తడి పట్టా ప్రతి సెంటీగ్రేడు డిగ్రీకి తన పొడవులో పదిలక్షలలో సుమారు 19 భాగములు పెరుగును. 20 మీటర్ల మార్గము 40 డిగ్రీలు వేడెక్కినచో పెరుగుదల 15 మి.మీ. అతుకులవద్ద సందులు విడువనిచో పట్టాలు ప్రక్కకు వంగును. వర్షపునీరు నిలువకుండ క్రింద కంకర పరచవలెను. అతుకులకు చిలుము పట్టినచో విద్యుత్తు సరిగా ప్రవహింపదు. కనుక పొడవైన మార్గములకు అక్కడక్కడ తీగలద్వారా విద్యుత్తు నందింతురు, లేదా బండిలోనే బ్యాటరీ నుంతురు. ఇంటి విద్యుత్తును పట్టాలకు నేరుగా కలుపుట ప్రాణాపాయకరము. తగ్గువోల్టేజి నిచ్చు ట్రాన్స్‌ఫార్మరును తడి తగులనిచోట నుంచియే వాడవలెను.

కావున ఇంజనును చూచి ముచ్చటపడి స్కేలును ఎన్నుకొనరాదు. మొదట స్థలమును కొలువవలెను. అందు ఇముడు మలుపు వ్యాసార్ధమును తేల్చుకొనవలెను. ఏ దేశపు, ఏ గేజి బండి కావలెనో నిశ్చయించుకొనవలెను. అప్పుడు స్కేలు దానంతట అదియే తేలును. పట్టాలు కొనుటకు ముందు విద్యార్థులు సుద్దముక్కతో నేలపైననే మార్గమును పూర్తి పరిమాణమున గీచి, అట్టముక్కను పెట్టె పొడవున కత్తిరించి మలుపులలో త్రిప్పిచూచినచో, పై లెక్కలన్నియు పైసా ఖర్చులేకుండ ఋజువగును.